స్కిన్లు ఊరికే ఇచ్చే ఆటలో మా తమ్ముడి డబ్బులు ఎలా పోతున్నాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. ఫోన్లో ఒక బ్యాటిల్ రాయల్ ఆట, అంటే చాలామంది దిగి కాల్చుకుంటే చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచే ఆట, ఆడతాడు. అడిగితే "అన్నీ ఫ్రీగానే వస్తాయి అక్కా" అంటాడు. తీరా అమ్మగారి ఫోన్లో యూపీఐ లెక్కలు చూస్తే మూడు నెలల్లో నాలుగు వేల పైచిలుకు ఆ ఆటకే పోయింది. కొన్నవేమో ఆటలోని బొమ్మకి వేసే బట్టలు, టోపీలు, తుపాకీ రంగులు. వీటినే స్కిన్లు అంటారు. వాటితో గెలుపు రాదు. మరి అంత ఊరికే ఇస్తున్నప్పుడు కొనే అవసరం ఎక్కడి నుంచి వచ్చింది, అసలు వాళ్ళు ఊరికే ఎందుకు ఇస్తున్నారు, దీనికి చట్టం అడ్డుపడదా అని మీ సందేహం.

సూటిగా చెబుతాను. ఊరికే వచ్చిన ఆ డ్రెస్సే వాడికి కొనే అవసరాన్ని పుట్టించింది. అది రాకముందు వాడికి ఆట మాత్రమే ఉంది. వచ్చాక ఒక వేషం ఉంది, ఆ వేషంలో ఏమేం తక్కువయ్యాయో కనిపించడం మొదలైంది. ఆటలోని షాపులో ఉండేదంతా ఆ తక్కువైన సరుకే.

నేను హైదరాబాద్‌లో మొబైల్ గేమ్ స్టూడియోల్లో తొమ్మిదేళ్ళు పనిచేశాను. మా టీమ్‌ని "ఎకానమీ" అనేవాళ్ళు. ఏది ఊరికే ఇవ్వాలి, ఏది అమ్మాలి, ఎప్పుడు, ఎంతకి అన్నదే పని. మీ తమ్ముడు ఆడే ఆట చేసింది మేం కాదు. అయినా ఏ వంటింట్లోనైనా పోపు ఒకటే.

కూరగాయల బండి దగ్గర మనం కిలో టమాటాలు కొన్నాక నాలుగు కరివేపాకు రెబ్బలు పడేస్తాడు చూడండి, అది కొసరు. కొన్నదానికి కృతజ్ఞత. ఈ ఆటల్లో కొసరు ముందొస్తుంది, అసలు తర్వాత. దీనికి దగ్గరి పోలిక పేరంటంలో వచ్చే జాకెట్ ముక్క. ఊరికే వచ్చిందే. కానీ రంగు మరీ బాగుంటే, బీరువాలో దానికి సరిపోయే చీర లేకపోతే, ఏదో ఒకరోజు ఆ జాకెట్ ముక్క పట్టుకునే చీరల కొట్టుకి వెళతారు. మా అమ్మ రెండుసార్లు వెళ్ళింది, నేనే స్కూటర్ మీద దింపాను.

ఇదేదో పోలిక కోసం చెప్పింది కాదు, మేం చేసిన పనే ఇది. అప్పుడు మాది బైక్ రేసుల ఆట. సంక్రాంతికి వరసగా ఏడు రోజులు లాగిన్ అయినవాళ్ళకి ఒక హెల్మెట్ ఇద్దామనుకున్నాం. ఆర్టిస్ట్ అమ్మాయి మూడు గీసి తెచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, మూడోది నెమలికంఠం రంగు మీద జరీ అంచులాంటి బంగారు గీత. మా ప్రోడక్ట్ మేనేజర్ కాసేపు చూసి, "ఫ్రీ జాకెట్లలో నెమలికంఠం ఏదైనా ఉందా?" అని అడిగాడు. లేదు. "షాపులో?" ఉంది, ఒక్కటి, ఆ నెలే పెట్టాం. "అయితే ఇదే." మీటింగ్ అయిపోయింది, టీ కూడా చల్లారలేదు.

నల్ల హెల్మెట్ ఇచ్చుంటే ఏ జాకెట్ మీదకైనా నప్పేది, తీసుకుని ఊరుకునేవాళ్ళు. నెమలికంఠం హెల్మెట్ కింద ఆటతో పాటు వచ్చే బూడిదరంగు జాకెట్ వేస్తే, పెళ్ళికొడుకు తలపాగా పెట్టుకుని కింద గళ్ళ లుంగీతో నిలబడ్డట్టుంది. పైగా ప్రతి రేసు ముందూ లాబీలో, అంటే ఆట మొదలయ్యేదాకా ఆగే తెర మీద, మీ బొమ్మ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది. అందం కోసం తిరుగుతోంది అనుకుంటారు. ఏది నప్పలేదో అన్ని వైపుల నుంచీ చూపించడానికి కూడా. ఆ పండగ వారం మా షాపులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది ఆ జాకెట్టే.

మీ తమ్ముణ్ణి ఒకసారి వాడి ఇన్వెంటరీ, అంటే ఆటలో వాడి బీరువా, చూపించమనండి. చూపిస్తాడు, వాళ్ళకి అదంటే గర్వం. ఊరికే వచ్చినవి ఏవి, కొన్నవి ఏవి అని పక్కపక్కన పెట్టించండి. జంటలు మీకే కనిపిస్తాయి.

తాళం వేసిన పెట్టె. ఈ పద్ధతికి పెద్ద బాట వేసింది టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆట. 2009లో అందులో ఆడేవాళ్ళకి అప్పుడప్పుడు టోపీలు ఊరికే రాలడం మొదలైంది. 2010 సెప్టెంబర్‌లో షాపు తెరిచారు, దాంతోపాటు తెరిస్తేగానీ ఏం దొరుకుతుందో తెలియని పెట్టెలు వచ్చాయి. పెట్టె ఆడుతుంటే ఊరికే వస్తుంది. తాళంచెవి మాత్రం 2.49 డాలర్లు. 2011 జూన్‌లో ఆటనే ఉచితం చేసేశారు. అదే కంపెనీ 2013లో కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకీ రంగులకి ఇదే పద్ధతి తెచ్చింది.

పెట్టె ఊరికే ఇవ్వడంలో ఉన్న తెలివి ఏమిటంటే, అది షాపులో ఉన్న పెట్టె కాదు, మీ ఇంట్లో ఉన్న పెట్టె. పరాయి వస్తువు కొనడం లేదు, మన వస్తువు తెరుచుకుంటున్నాం అనిపిస్తుంది. నేనూ కొన్నాను తాళంచెవులు, ఈ ఉద్యోగంలో చేరిన తర్వాతే. తెలిసినంత మాత్రాన తప్పించుకోలేం.

పాస్. అంటే ఆటలో ఒక్కో సీజన్‌కి, ఒక్కో విడతకి, కొనే టికెట్ లాంటిది. మీ తమ్ముడి ఖర్చులో పెద్ద వాటా బహుశా ఇదే. తెర మీద రెండు వరసలుంటాయి. ఒకటి ఉచితం, రెండోది డబ్బు కట్టినవాళ్ళది. ఆడేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. ఉచిత వరసలో మూడు నాలుగు లెవెళ్ళకోసారి ఏదో చిన్న బహుమతి. రెండో వరసలో ప్రతి లెవెల్‌కీ ఉంటుంది, దాని మీద తాళం బొమ్మ. అంటే కుర్రాడు 40వ లెవెల్‌కి వచ్చేసరికి ఆ తాళాల కింద ఉన్నవన్నీ తను కష్టపడి సంపాదించినట్టే లెక్క, చేతికి రావడమే తరువాయి. ఇక్కడ వాడు కొనేది కొత్త వస్తువని వాడికి తోచదు. తన కూలి డబ్బులు తను విడిపించుకుంటున్నట్టు ఉంటుంది.

ఫోర్ట్‌నైట్ అనే బ్యాటిల్ రాయల్ ఆట 2017 డిసెంబర్‌లో ఈ పాస్ పెట్టింది. చాలా ఏళ్ళు దాని ధర 950 వీబక్స్. వీబక్స్ అంటే ఆ ఆట డబ్బు. పాస్ మొత్తం పూర్తిచేస్తే చాలా సీజన్లలో 1500 దాకా తిరిగొచ్చేవి. కాగితం మీద చూస్తే ఒక్కసారి కొంటే జీవితాంతం ఉచితం. ఇంత ధర్మం ఎందుకంటారా? ఆ 1500 రావాలంటే సీజన్ అంతా ఆడాలి. అంతసేపు ఆడేవాడు రోజూ షాపు ముందు నుంచే నడుస్తాడు. ఫోర్ట్‌నైట్ షాపు మన టైమ్ ప్రకారం తెల్లవారి ఐదున్నరకి మారుతుంది. పాలప్యాకెట్ వచ్చే వేళకి కొత్త సరుకు.

వరసగా ఏడు రోజుల లాగిన్ కానుకలు, బహుమతికి ఎంత దూరం వచ్చారో చూపే సగం నిండిన గీతలు కూడా ఇదే కుదురు. "మీకు 30 శాతం ముందే నింపేశాం" అని ఊరికే నింపి ఇస్తారు. 2006లో వచ్చిన ఒక పరిశోధన దీనికి బాగా సరిపోతుంది. అమెరికాలో కారు కడిగే చోట 300 మందికి కార్డులిచ్చారు. సగంమందికి ఎనిమిది గళ్ళ కార్డు, ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం. మిగతా సగానికి పది గళ్ళ కార్డు, కాకపోతే రెండు ముద్రలు ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ రావాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి రకంలో 19 శాతం పూర్తిచేశారు, రెండో రకంలో 34 శాతం. ఊరికే ఇచ్చిన రెండు ముద్రల విలువ సున్నా. పని మాత్రం మొదలైపోయినట్టు అనిపించింది, మొదలుపెట్టిన పని సగంలో వదిలేయడం మనిషికి ఇష్టం ఉండదు. గేమ్ స్టూడియోలో చేరిన కుర్రాళ్ళకి మేం మొదటి వారంలో చెప్పే కథ ఇదే.

మూడు రోజులకిచ్చే బట్టలు. నాకు అన్నిటికన్నా చిరాకు దీని మీద. ఊరికే ఇచ్చిన స్కిన్ కింద చిన్న అక్షరాలతో "3 రోజులు" అనో "7 రోజులు" అనో ఉంటుంది. మా అక్క కొడుకు గుంటూరులో తొమ్మిది చదువుతున్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ "మామయ్యా, నీ ఫోన్ ఒక్కసారి ఇవ్వవా" అన్నాడు.

"ఎందుకురా?"

"నా పారాచూట్ రేపటితో పోతుంది."

"అంతకుముందు లేదుగా?"

"లేదు. కానీ ఇప్పుడు ఉందిగా!"

ఆ "ఇప్పుడు ఉందిగా" అన్న మాట మీదే ఈ వ్యాపారం సగం నడుస్తోంది. వారం కిందట ఆ పారాచూట్ అమ్మకానికి పెడితే వాడు అటు చూసేవాడు కాదు. మూడు రోజులు దాంతో దిగాడు, స్నేహితులు చూశారు, ఇప్పుడు మళ్ళీ తెల్ల పారాచూట్‌తో దిగాలంటే నామోషీ. కొత్తది కొనుక్కోవాలన్న ఆశ కన్నా ఉన్నది పోతుందన్న టెన్షన్ బలమైనది, మేం దాన్ని గడియారం పెట్టి మరీ అమ్ముతాం. ఫోన్ ఇవ్వలేదు. రెండు రోజులు మాట్లాడలేదు నాతో.

ఇక నామోషీ అన్నాను కదా, దాని గురించి. ఒంటరిగా ఆడే ఆటలో ఈ బేరం ఇంతగా నడవదు. ఈ ఆటలన్నీ నలుగురి మధ్య ఆడేవి. మ్యాచ్‌కి ముందు స్క్వాడ్‌లో నలుగురూ పక్కపక్కనే నిలబడతారు, గ్రూప్ ఫోటోలాగా. ఫోర్ట్‌నైట్ ఆడే విదేశీ పిల్లల్లో "డిఫాల్ట్" అన్నది తిట్టయి కూర్చుంది, అంటే ఆటతో వచ్చిన మామూలు బట్టల్లోనే తిరిగేవాడు అని. మన పిల్లలు "నూబ్" (ఆట రానివాడు) అంటారు, "బాట్" (కంప్యూటర్ ఆడించే బొమ్మ) అంటారు. "ఏంట్రా ఇంకా అదే డ్రెస్సా" అని ఒకడంటే చాలు.

పబ్‌జీ మొబైల్ తరహా ఆటల్లో ఖరీదైన తుపాకీ స్కిన్లని లెవెల్ లెవెల్‌గా పెంచుకోవచ్చు. పైలెవెళ్ళలో ఏమొస్తాయో చూడండి: మీరు ఎవరినైనా చంపితే అందరికీ కనిపించే ప్రత్యేకమైన సందేశం, చచ్చినవాడి సామాను పెట్టెకి ప్రత్యేకమైన రూపం. అంటే డబ్బు పెట్టింది చంపినవాడు, ప్రకటన పడింది చచ్చినవాడి మీద. అందుకే రూపాయి పెట్టనివాళ్ళు కూడా కంపెనీకి కావాలి. వాళ్ళే ప్రేక్షకులు. ప్రేక్షకులు లేని సభలో పట్టు శాలువా ఎవరికి కావాలి? వాళ్ళకి ఊరికే బట్టలిచ్చి కూర్చోబెట్టడం ఖర్చు కాదు, కంప్యూటర్లో బొమ్మ ఒకసారి గీస్తే కోటిమందికి ఇచ్చినా అరగదు.

ఊరికే ఇచ్చే నాణేల సంగతి కూడా చెప్పాలి. కొత్త ఆటగాడికి మొదటిరోజే కాసిని నాణేలిచ్చి, వేలితో చూపించి మరీ షాపులో ఏదో ఒకటి "కొనిపిస్తాం". బహుమతి అదే అయితే నేరుగా చేతిలో పెట్టొచ్చు కదా? పెట్టం. షాపుకి దారి, కొను అనే బటన్, కొన్నాక వచ్చే మెరుపు, చప్పుడు అలవాటు కావాలి. మా లెక్కల్లో మొదటి రూపాయి రాబట్టడమే కష్టం, రెండోది దానంతట అదే వస్తుంది. ఆ మొదటి రూపాయికి రిహార్సల్ ఉచిత నాణేలతో జరుగుతుంది. పైగా నాణేల ప్యాకెట్లు, వస్తువుల ధరలు ఎప్పుడూ సరిగ్గా కలవవు. ఫోర్ట్‌నైట్‌లో చిన్న ప్యాకెట్ చాలాకాలం 1000 వీబక్స్, స్కిన్లు 800, 1200, 1500 అలా ఉండేవి. 800ది కొంటే 200 మిగులుతాయి. వాటితో ఏమీ పెద్దగా రాదు, పారేయలేం. ఊరికే సంపాదించిన వంద, రెండొందలు కూడా ఇలాగే నిలవ ఉండి "ఇంకొంచెం వేస్తే సరిపోతుంది" అని గుర్తుచేస్తుంటాయి.

బలం ఇవ్వని బట్టలకి ఎంత వస్తుందిలే అనుకోకండి. ఫోర్ట్‌నైట్ కంపెనీకి యాపిల్‌తో జరిగిన కోర్టు కేసులో బయటికొచ్చిన కాగితాల ప్రకారం ఫోర్ట్‌నైట్ 2018, 2019 రెండేళ్ళలో కలిపి 900 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. ఆ బ్యాటిల్ రాయల్ ఉచితంగా ఆడేది, అందులో అమ్మేది ప్రధానంగా వేషాలూ డాన్సులే.

ఇప్పుడు అవతలి వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను పాపం కడుక్కోవడానికి రాస్తున్నట్టుంటుంది.

ఊరికే ఇవ్వడం ప్రతిసారీ పారదు. ఒక దసరాకి మేం ఉత్సాహపడి బంగారు సూటు అందరికీ పంచిపెట్టాం. రెండు రోజులు పండగే పండగ. మూడోరోజు ఎవరిని చూసినా బంగారమే. అంతకుముందు నెలలో అలాంటి సూటు డబ్బు పెట్టి కొన్నవాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ నెలంతా షాపు వెలవెలబోయింది. ఊరికే ఇచ్చేది ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండాలని మాకు అప్పుడు ఒంటబట్టింది. మీరు గమనిస్తే ఉచిత స్కిన్ బాగుంటుంది, కానీ ఏదో ఒక వెలితి ఉంటుంది. మెరుపుండదు, వెనక సంచి ఉండదు, లేదా బూట్లు ఉండవు.

ఇంకోటి, ఆడేవాళ్ళలో ఎక్కువమంది పైసా పెట్టరు. పెట్టేవాళ్ళలోనూ చాలామంది ఏడాదికి ఒక సినిమా టికెట్, పాప్‌కార్న్ డబ్బుల దగ్గర ఆగిపోతారు. అందులో తప్పేం లేదు. రోజూ గంట ఆనందం ఇచ్చే ఆటకి ఒక పాస్ కొంటే దాన్ని వ్యసనం అనను. వేల రూపాయల గేమ్ కొనే స్తోమత లేని పిల్లాడు కూడా మంచి ఆట ఆడగలుగుతున్నాడంటే ఈ బట్టల వ్యాపారం వల్లే. బలాన్ని అమ్మే ఆటలకన్నా బట్టలమ్మే ఆటలు నయం. అయితే "బట్టలే కదా" అన్నమాట అన్నిచోట్లా నిజం కాదు. ఫ్రీ ఫైర్‌లో కొన్ని తుపాకీ స్కిన్లు దెబ్బ బలాన్నీ, రేంజ్‌నీ కూడా మారుస్తాయి. మీవాడు ఆడేదాంట్లో ఎలా ఉందో వాణ్ణే అడగండి.

చట్టం గురించి కూడా అడిగారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన నిషేధాలు, 2025లో పార్లమెంటు చేసిన చట్టం ప్రధానంగా డబ్బు ఒడ్డి డబ్బు గెలిచే ఆటల మీద. ఇక్కడ డబ్బు పెట్టి చొక్కా తెచ్చుకుంటున్నాడు, డబ్బు కాదు, కాబట్టి ఆ దారిలో మీకు పెద్ద సాయం దొరకదు. బెల్జియంలో 2018లో డబ్బు పెట్టి తెరిచే కొన్ని పెట్టెల్ని జూదమే అన్నారు. అమెరికాలో 2022 చివర ఫోర్ట్‌నైట్ కంపెనీ 52 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 24.5 కోట్లు, తికమక పెట్టే బటన్లతో అనుకోకుండా కొనిపించినందుకు జనానికి తిరిగివ్వాల్సిన సొమ్ము.

మీ ఇంట్లో చేయదగ్గవి చెబుతాను. ముందు అమ్మగారి ఫోన్లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. అక్కడే నెలకి బడ్జెట్ పెట్టుకునే వీలుంది, అది దాటబోతే చెబుతుంది, ఆపదు మాత్రం. యూపీఐ పిన్ మార్చండి, అమ్మగారు వాడితో టైప్ చేయించుకునే అలవాటుంటే అది మానిపించండి. ఆట తీసేయమని మాత్రం చెప్పకండి, స్నేహితుడి ఫోన్లో ఆడతాడు, అప్పుడు మీకు లెక్క కూడా తెలీదు. డబ్బులు ఆపేశాక ఒక నెల జాగ్రత్త: "ఫ్రీ నాణేలు" అని టెలిగ్రామ్‌లో, యూట్యూబ్ కామెంట్లలో వచ్చే లింకులు నొక్కితే అకౌంటే పోతుంది. చేతిలో డబ్బు లేని పిల్లలే వాటికి ఎక్కువగా దొరుకుతారు.

వాడితో మాట్లాడేటప్పుడు నాణేల లెక్కలో కాకుండా రూపాయల్లో మాట్లాడించండి. "ఈ డ్రెస్ ఎంతరా" అంటే నాణేల్లో చెబుతాడు. "రూపాయల్లో చెప్పు" అనండి. కాలిక్యులేటర్ తీస్తాడు. తీసినప్పుడు వాడి మొహం చూడండి చాలు, మీరు ఇంకేం అనక్కర్లేదు.

పాస్ కొనకుండా ఉండలేనంటే ఒక్క షరతు పెట్టండి: సీజన్ ఆఖరి వారం దాకా ఆగి కొనాలి. ఈ పాస్‌లు చాలావాటిలో ఎప్పుడు కొన్నా అప్పటిదాకా ఎక్కిన లెవెళ్ళ బహుమతులన్నీ ఒకేసారి చేతికొస్తాయి, ముందు కొన్నవాడికన్నా ఏమీ తక్కువ రాదు. కొన్నవాటిని సీజన్ అంతా వేసుకు తిరగడం పోతుంది, అంతే. మీవాడు దీనికి తప్పకుండా గునుస్తాడు. నా మేనల్లుడూ గునిశాడు. ఆఖరి వారం వచ్చాక ఫోన్ చేసి "కొనమంటావా" అని అడిగితే, వచ్చే సీజన్ డ్రెస్ ఫోటోలు అప్పటికే బయటికొచ్చాయట. "ఇది వద్దులే మామయ్యా, పాతదైపోయింది" అన్నాడు.